కుళాయి కాడ మా ఉద్యోగం

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు బ్యాంకు లింకేజీ గురించో, స్త్రీనిధి గురించో అనుకున్నాం. అవి కాదు, మీరు చేస్తున్న నీళ్ల పని గురించి చెప్పండి అన్నారు. మైకు ముందుకు ఒకరమే వచ్చినా, ఇది ఐదుగురం కూర్చుని రాసుకొచ్చిన కాగితం. మాలో ఎక్కువ చదివింది పదో తరగతే. తప్పులుంటే మన్నించండి. ఊరి పేరు ఇందులో రాయలేదు. ఎందుకు రాయలేదో కాసేపు వింటే మీకే తెలుస్తుంది.

2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ అని కేంద్రం ప్రకటించింది. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వాలి, మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి, వచ్చే నీళ్లు తాగడానికి పనికొచ్చేవై ఉండాలి అని. ఆ మూడో మాట కోసం ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్ష చేయడం నేర్పించాలన్నారు. గ్రామ సంఘం మీటింగులో ఐదుగురి పేర్లు కావాలని అడిగితే, చెయ్యెత్తింది ఇద్దరం. మిగతా ముగ్గురిని మేమే చెయ్యి పట్టుకుని పైకెత్తాం. శిక్షణ అయ్యాక ఒక పెట్టె ఇచ్చారు. చిన్న చిన్న సీసాలు, చుక్కల మందులు, రంగుల కాగితం, గాజు గొట్టాలు. ఇంటికి తీసుకొస్తే మా పెద్దక్క మనవడు హోమియోపతి మందులనుకుని తీపి బిళ్లలు అడిగాడు.

ఆ తర్వాత పంచాయతీ వాళ్లు కుళాయి పన్ను వసూలు కూడా మీరే చూడండి అన్నారు. ఇంకొన్నాళ్లకు పంపు ఆపరేటరు రాని రోజు వాల్వు తిప్పడం కూడా మా మీదే పడింది. ఇట్లా ఒక్కొక్కటి మా నెత్తికెక్కింది. ఎవరైనా ఏం పని చేస్తారమ్మా అంటే ఏం చెప్పాలో మాకు తెలియదు. ఉద్యోగమా అంటే ఆర్డరు కాగితం లేదు. సేవా అంటే రసీదు పుస్తకం మా చేతిలో ఉంది. ఊరోళ్లకేమో మేం ఆఫీసోళ్లం. ఆఫీసోళ్లకేమో ఊరోళ్లం.

నీళ్లు వచ్చిన రోజు మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. రాని రోజు పొద్దున ఐదున్నరకే ఫోన్లు మొదలవుతాయి. మోటారు కాలినా మేమే, కరెంటు పోయినా మేమే, పైన సాగర్ నీళ్ల లైను పగిలి మూడు రోజులు రాకపోయినా మేమే. ఒక పెళ్లికి పోయి పంక్తిలో కూర్చుంటే వడ్డించే ఆయన, "మా వీధికి నీళ్లు సన్నగా వస్తన్నయ్యమ్మా, ఇక్కడ మాత్రం సాంబారు ధారగా పోస్తన్నాం చూడు" అన్నాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక మాలో చిన్నమ్మాయి ఏడ్చింది.

పన్ను సంగతి చెబుతాం. మా ఊళ్లో నెలకు ఇంటికి 60 రూపాయలు. మొదటి నెల తలుపు తట్టిన ప్రతి ఇంట్లో ఒకటే మాట, "నీళ్లు దేవుడిచ్చినయ్యి, వాటికి డబ్బులేందమ్మాయ్?" వాదించి లాభం లేదని తెలిసింది. పంచాయతీ నుంచి లెక్క అడిగి తెచ్చుకుని, పొదుపు పుస్తకం వెనక రాసుకుని చూపించడం మొదలుపెట్టాం. మోటారుకు కరెంటు బిల్లు ఇంత, ఆపరేటరు జీతం ఇంత, బ్లీచింగ్ ఇంత, పైపు పగిలితే జాయింట్లకు ఇంత. దేవుడు నీళ్లిచ్చాడు గానీ ట్యాంకు మీదికి ఎక్కించలేదు కదా పెద్దమ్మా అన్నాం. ప్లాంటు నీళ్ల టిన్నుకు అడిగినంత ఇచ్చే ఇల్లే కుళాయికి నెలకు 60 ఇవ్వడానికి మూడుసార్లు తిప్పుతుంది. టిన్ను తెచ్చే కుర్రాడు అప్పు పెట్టడు, మేం పెడతాం, అదీ తేడా. ఇప్పటికీ కట్టని ఇళ్లున్నాయి. వాటిలో రెండు మేడలు.

ఇక నీళ్ల పరీక్ష. ఇది మీ అందరికీ పనికొచ్చేది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాం.

మన పడమటి ప్రాంతానికి ఫ్లోరైడ్ కొత్త కాదు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, డాక్టర్లు ఈ జబ్బు గురించి రాసి అచ్చు వేశారని శిక్షణలో సారు చెప్పారు. మనకు 1970లో ప్రకాశం జిల్లా వచ్చింది, బోర్లొచ్చాయి, సాగర్ నీళ్లొచ్చాయి, గార పళ్లు మాత్రం ఇంకా పోలేదు. మాలో ఇద్దరికి ఉన్నాయి. ఫోటో తీసేటప్పుడు మూతి బిగబట్టే వాళ్లు ఎవరో మీకు తెలుసు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే తాగకూడదు. మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు ఉండాల్సిన నీళ్లు పసుపు దిక్కు తిరిగాయంటే ఫ్లోరైడ్ ఎక్కువన్నమాట. మా పాత బోరు నీళ్లు పసుపుకే తిరిగాయి. అందుకే సాగర్ నీళ్లు వచ్చిన రోజు తాగడానికి పట్టుకోండి, బోరు నీళ్లు వాడకానికి ఉంచుకోండి అని వీధి వీధికి చెప్పాం. ఒక అత్తమ్మ, "నేను కాగబెట్టే తాగుతన్నాలే" అంది. అక్కడే మోసపోతాం. కాగబెడితే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కనవుతుంది. ఈ ఒక్క మాట మీ ఊళ్లలో చెప్పండి చాలు.

రెండోది క్లోరిన్. ట్యాంకులో బ్లీచింగ్ వేశారా అంటే వేశాం అంటారు. ఎప్పుడు వేశారు, ఎంత వేశారు, ఆ బస్తా ఎన్నాళ్ల నుంచి మూతి తెరిచి ఉంది అని అడగాలి. మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకు 4 గ్రాముల లెక్క. 40,000 లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. బక్కెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగినాక పైన తేటను మాత్రమే పోయాలి. అరగంట ఆగి వాల్వు తిప్పాలి. గాలికి తెరిచిపెట్టిన పొడికి వాసన ఉంటది గానీ బలం ఉండదు. మా ట్యాంకు కింద గదిలో ఉన్న బస్తా అట్లాంటిదే. ఆపరేటరు అన్న పాపం లెక్క ప్రకారమే వేస్తున్నాడు. చివరి కుళాయి దగ్గర మేం చుక్కలు వేస్తే పసుపు రంగు రాలేదు. అక్కడ కనీసం 0.2 ఉండాలి. సున్నా. కొత్త బస్తా తెప్పించడానికి ఇరవై రోజులు పట్టింది. ట్యాంకు గోడ మీద "శుభ్రం చేసిన తేదీ, మళ్లీ శుభ్రం చేయవలసిన తేదీ" అని రాసి ఉంటది చూడండి, మా ఊళ్లో ఆ తేదీలు రంగు వెలిసిపోయి ఏ ఏడాదివో కూడా తెలియకుండా ఉండేవి. మీరు ఇంటికి పోయాక మీ ట్యాంకు గోడ కూడా ఒకసారి చూడండి.

మూడోది నల్ల సీసా. దీని గురించి చెప్పడానికే అసలు వచ్చాం.

చిన్న సీసా ఇస్తారు, అడుగున మందు ఉంటది. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి, వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు రంగు మారకపోతే మంచిది. నల్లబడితే ఆ నీళ్లలో మురుగు కలిసిందని అనుమానం. పోయిన ఏడు వానలు మొదలైన నెలలో ఆరు చోట్ల పట్టాం. ట్యాంకు, బడి, అంగన్‌వాడీ, బజారు వీధి, కాలనీ మొదలు, కాలనీ చివర. మా పెద్దక్క వంటింట్లో పాత చీరలో చుట్టి, పొయ్యికి కాస్త ఎడంగా పెట్టాం. తెల్లారి చూస్తే నాలుగు సీసాలు మామూలుగా ఉన్నాయి. కాలనీ మొదలుది మసక పట్టింది. కాలనీ చివరది కాటుక.

ఏదో పొరపాటు చేశామనుకున్నాం. చేతులు సబ్బుతో కడుక్కుని, కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలి మళ్లీ పట్టాం. మర్నాటికి మళ్లీ నలుపు. ఆ పూటే ఆశా కార్యకర్త చెల్లెలు వచ్చి, కాలనీలో మూడిళ్లల్లో విరేచనాలంట, ఒక ముసలామెకు సెలైన్ పెట్టారంట అని చెప్పింది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ కాగితం రాసి ఉపయోగం లేదు. అంతకు ముందు నెల మేం కాలనీ చివరకు పోలేదు. ఎండ మండిపోతా ఉంది, కిలోమీటరు పైన నడవాలి, నాలుగు చోట్ల చేశాం కదా చాల్లే అనుకున్నాం. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంది. అప్పుడే పోయి ఉంటే ఆమెకు సెలైన్ పెట్టేదాకా వచ్చేదో రాదో మాకు తెలియదు. ఆ గడి వంక చూసినప్పుడల్లా అదే గుర్తొస్తది.

ఫలితం ఫోనులో ఎక్కించాలి. ఎక్కిస్తే పై ఆఫీసులో కనపడతది. ముందు ఊళ్లో చెప్పాలి కదా అని పెద్దమనుషుల దగ్గరికి పోయాం. ఊళ్లో మాట చెల్లే ఒక పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. "మీరు చేసింది మంచి పనే తల్లీ. కానీ ఇప్పుడే ఎక్కించొద్దు. ఊరికి పేరొస్తది. ముందు రిపేరు చేయిద్దాం, మళ్లీ టెస్టు చెయ్యండి, మంచిగా వచ్చినాక అది ఎక్కించండి" అన్నాడు. కసిరినా తిట్టినా మాకు సులువుగా ఉండేది. మా ఐదుగురిలో ఒకరి ఇంటి బిల్లు ఆయన చెబితే కదలాలి. ఇంకొకరి కొడుక్కి ఆయనే పని ఇప్పించాడు. బయటికొచ్చి ఎవరమూ మాట్లాడలేదు.

ఆ రాత్రి పెద్దక్క ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఒకరు, రెండు రోజులు ఆగితే ఏం పోయింది, ఈలోపు వీధిలో నోటిమాటగా చెబుదాం అన్నారు. ఇంకొకరు, మనకేమన్నా జీతమా నాతమా, ఎందుకు ఈ తలనొప్పి, పెట్టె తిరిగి ఇచ్చేద్దాం అన్నారు. కాలనీ నుంచి మాతో పని చేసే చెల్లెలు అప్పటిదాకా ఏమీ అనలేదు. చివరికి, "అక్కా, బజారు వీధి సీసా నల్లబడి ఉంటే ఈపాటికి గుంత తవ్వి ఉండేవాళ్లు. మా వీధిది కాబట్టి రెండు రోజులు ఆగొచ్చు, అంతే కదా" అంది. మెల్లగానే అంది. మా దగ్గర దానికి జవాబు లేదు.

అప్పుడు పెద్దక్క లోపలికి పోయి సంఘం తీర్మానాల పుస్తకం తెచ్చింది. ఇరవై ఏళ్ల నుంచి సంఘంలో ఉంది ఆమె, డ్వాక్రా నాటి మనిషి. "కిస్తీ కట్టనోళ్లది కట్టినట్టు ఎప్పుడన్నా రాశామా? మన తోడికోడలైనా బాకీ అనే రాశాం కదా. రేపు కట్టిద్దిలే అని ఈ రోజు కట్టినట్టు రాస్తే బ్యాంకోడు మనల్ని గుమ్మం తొక్కనిస్తాడా?" అంది. ఆ మాట మీద రిజిస్టరులో ఆరు సీసాల ఫలితం ఉన్నదున్నట్టు రాశాం. ఐదుగురం సంతకాలు పెట్టాం. రాత్రి పదకొండింటికి సిగ్నలు కోసం మిద్దెక్కి ఫోనులో ఎక్కించాం. ఎక్కించేటప్పుడు చెయ్యి వణికిన మాట నిజం.

తెల్లారి ఐదింటికే కాలనీకి పోయాం. ఇంటింటికీ చెప్పాం. నీళ్లు బాగా తెర్లనిచ్చి, చల్లార్చి, మూత పెట్టుకుని తాగండి, పసిపిల్లలకు అసలు పచ్చినీళ్లు పట్టొద్దు, విరేచనాలైతే ఓఆర్ఎస్ ఇవ్వండి, మళ్లీ చెప్పేదాకా ఇంతే అని. దండం పెడతారనుకోలేదు గానీ అంత కోపం ఉంటదని కూడా అనుకోలేదు. "నెల నెలా అరవై పట్టుకుపోయేటప్పుడు తెలవలేదా మురుగని?" అని ఒకామె చీపురు పట్టుకునే అడిగింది. "పొయ్యిలోకి కట్టెలు మీరు తెచ్చిస్తారా?" అని ఇంకొకామె. రెండూ న్యాయమైన మాటలే. పంచాయతీలో అడిగి రెండు పూటలా ట్యాంకరు పెట్టించాం. ఆ నెల కాలనీలో పన్ను అడగలేదు.

మురుగు ఎక్కడ కలుస్తుందో వెతకడం ఇంకో కథ. ఆపరేటరు అన్నతో కలిసి లైను వెంట నడిచాం. ఒక్కో వాల్వు కట్టేసి, ఒక్కో ముక్క చూసుకుంటా పోయాం. కాలనీ మొదట్లో సైడు కాలువలో నుంచి ఒక ఇంటి పైపు పోతా ఉంది. దాని జాయింటు ఊడి మురుగులో నానుతా ఉంది. నీళ్లు వదిలినప్పుడు లోపలి నుంచి బయటికి కారతాయి, అప్పుడు ఎవరికీ అనుమానం రాదు. నీళ్లు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి కాలువ నీళ్లు దూరతాయి. మర్నాడు వాల్వు తిప్పగానే ముందుగా ఆ మురుగే చివరి ఇళ్లకు పోతుంది. దీనికి తోడు ఎవరన్నా కుళాయికి మోటారు బిగిస్తే చెప్పక్కర్లేదు. మోటారు పైపులో నీళ్లతో పాటు జాయింటు బయట ఏముంటే అది కూడా పీల్చుకుంటది.

మోటారు ఉంది. ఆ పక్కింట్లోనే, గోనెసంచి కప్పి. ఆ ఇల్లు మా ఐదుగురిలో ఒకరి మరిదిది.

ఆమె మొహం మేం చూడలేదు, చూడలేక తల తిప్పుకున్నాం. ఊరందరికీ మోటార్లు పెట్టొద్దని చెప్పి తిరిగింది మేమే. ఆమె కాసేపు అట్లే నిలబడి, తర్వాత గేటు తీసుకుని లోపలికి పోయి, మరిదిని పిలిచి, "ఇదిగో అబ్బయ్యా, నువ్వు విప్పుతావా, మమ్మల్ని విప్పమంటావా" అంది. ఆయన విప్పాడు. విప్పుతా విప్పుతా, బజారు వీధిలో ఎనిమిది మోటార్లు ఉన్నాయి, వాళ్లవి విప్పించే దమ్ముందా అని అరిచాడు. ఆ మాట కూడా రిజిస్టరులో రాశాం. బజారు వీధికి పోయాం. ఎనిమిది కాదు, పదకొండు ఉన్నాయి. ఏడు విప్పించాం. నాలుగు ఇంకా ఉన్నాయి. వాటి వివరం ఇంటి నంబర్లతో సహా పంచాయతీకి రాసిచ్చాం, సంతకం పెట్టించుకున్న నకలు మా దగ్గర ఉంది. ఆ మరిది ఇంట్లో రెండు నెలలు మా చెల్లెలితో మాట్లాడలేదు. దసరాకు మాట్లాడారు.

ఎక్కించిన మూడో రోజున ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. మేం భయపడినట్టు ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. వాళ్లూ సీసాలు పట్టుకుని ల్యాబుకు తీసుకుపోయారు. పైపును కాలువలోంచి పైకి తీసి కొత్త జాయింటు వేశారు. లైనంతా గట్టిగా బ్లీచింగ్ పెట్టి కడిగి, ఆ నీళ్లు బయటికి వదిలేశారు. తొమ్మిదో రోజుకు కాలనీ చివరి సీసా నల్లబడలేదు. ఇంకో రెండు రోజులు నమ్మలేక మళ్లీ మళ్లీ పట్టాం. ముసలామె ఇంటికొచ్చింది. ఇప్పటికీ మమ్మల్ని చూస్తే, "నా సీసా ఎట్టుందే?" అని అడుగుతది.

కాఫీ ఇప్పించిన పెద్దాయన కొన్నాళ్లు ఎడమొహంగా ఉన్నాడు. ఇప్పుడు పలకరిస్తాడు. బిల్లు మాత్రం ఇంకా కదల్లేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని మేం అనడం లేదు. లేదని కూడా మాకు నమ్మకం లేదు.

ఇంత చేస్తారు కదా మీకేం వస్తుంది అని చాలామంది అక్కలు అడుగుతున్నారు. టెస్టుకు ఇంత అని ఇస్తామన్నారు. మొదట్లో కొంత వచ్చింది. తర్వాత ఏడు నెలలది రావాలి. ఫలానా వాళ్లను అడగండి అంటే వాళ్లు ఇంకొకరిని అడగమంటారు. పన్ను వసూలు మీద పంచాయతీ ఇచ్చే కొద్ది డబ్బే మాకు చేతికందేది. అది ఐదుగురం పంచుకుంటే ఫోను రీఛార్జీకి, ఆటోకు సరిపోతది. పొలం పనికి పోతే ఒక్క రోజు కూలి దానికన్నా ఎక్కువ. ఇంట్లో మగవాళ్లు అంటానే ఉంటారు, జీతం లేని కొలువు, ఊరందరి తిట్లు అని. ఆ మాటకు మేం ఎదురు చెప్పం, ఎందుకంటే అది నిజమే. మీటరు చూసే ఆయనకు జీతం ఉంది, లైను ఎక్కే ఆయనకు జీతం ఉంది, తాగే నీళ్లు మంచివో కాదో చూసే ఆడవాళ్లది మాత్రం సేవ అంటారు. పేరు పెద్దదిగా ఉంటది, పైసలు రావు. ఏపీఎం గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆయన ముందే చెబుతున్నాం, వెనక అనుకునే అలవాటు మాకు లేదు.

మరి ఎందుకు మానలేదు అంటే, ఒకసారి మానాం కూడా. బాకీ రాలేదని ఒక నెల పెట్టె తీయలేదు. ఆ నెల అంగన్‌వాడీ టీచరు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగింది, పిల్లలకు ఈ నీళ్లు పట్టమంటారా వద్దా అని. ఏం చెప్పాలి? తెలియదు అని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు పెట్టె తీశాం.

ఈ సభ ముందు మేం రెండు తీర్మానాలు అడుగుతున్నాం. ఒకటి, అన్ని ఊళ్లలో నీళ్ల పరీక్ష చేసే సభ్యులకు రావాల్సిన బాకీల లెక్క సమాఖ్య తరఫున ఒకే కాగితంగా రాసి పైకి పంపాలి. ఊరికొకరం విడివిడిగా అడిగితే విడివిడిగానే తిప్పుతున్నారు. రెండు, నీళ్ల రిజిస్టరును ప్రతి నెలా గ్రామ సంఘం మీటింగులో పొదుపు లెక్కతో పాటే గట్టిగా చదవాలి. ఏ వీధి గడి ఖాళీగా ఉందో అందరికీ తెలియాలి. అట్లా చదివే రివాజు ఉండి ఉంటే మేం ఆ నెల ఎండకు భయపడి కాలనీ చివర వదిలేసి ఉండేవాళ్లం కాదు.

పరీక్ష పెట్టె బయట చెట్టు కింద బల్ల మీద పెట్టాం. సీసాల్లో మీ ఊరి నీళ్లు తెచ్చుకున్న అక్కలు భోజనాలకు ముందే ఇవ్వండి, ఫ్లోరైడ్ చూసి ఇప్పుడే చెబుతాం. సీసా మీద ఊరు, వీధి, బోరుదా కుళాయిదా రాసివ్వండి. క్లోరిన్ మాత్రం ఇక్కడ చూడలేం. సీసాలో ఉంటే తగ్గిపోతది, కుళాయి దగ్గరే చూడాలి. ఎవరి ఊరికి రమ్మంటే ఆ ఊరికి మాలో ఇద్దరం వస్తాం, ఆటో ఖర్చు పెట్టుకుంటే చాలు. నల్ల సీసాలు మా దగ్గర ఇంకా పద్నాలుగు ఉన్నాయి. ముందు అడిగిన వాళ్లకు ముందు. వీధి చివరి కుళాయి దగ్గర పట్టుకోండి.